పరుల బిడ్డలకు పెద్దదిక్కు



నేటి ప్రసంగము ఒక కాలిబంతి యాటగానిని గుఱించి యని వినగానే, ఆటలు పిల్లలవి గదా, పెద్దలమైన మాకేల యని మీలో కొందఱు అనుకొనవచ్చును. నేను చెప్పబోవునది ఆటను గుఱించి కొంచెము, పెద్దఱికమును గుఱించి హెచ్చు. పరుల బిడ్డలను తన చేతులలోనికి తీసికొని, వారిని ప్రయోజకులను చేయుటకు పూనుకొన్న యొక పురుషుని చరిత్ర యిది. ఆ బిడ్డలలో ఎనమండ్రు ఒక్క ప్రయాణములో మృతులైరి. ఆ ప్రయాణమునకు వారిని తీసికొనిపోయినవాడును ఆతడే. అంతటి దెబ్బ తగిలిన పిమ్మట పెద్దయైనవాడు ఏమి చేయవలెను? చేపట్టిన పనిని విడిచి మూల కూర్చుండవలెనా? మరల నాగలి పట్టవలెనా? ఈ ప్రశ్నకు ఆతడు తన జీవితముతోనే సమాధానము చెప్పెను. ఆతని పేరు మాట్ బస్బీ.

ముందుగా ఆట సంగతి రెండు మాటలు. కాలిబంతి యాటలో ఒక్కొక్క పక్షమున 11 మంది యుందురు. బంతిని చేతితో ముట్టక, కాలితోను తలతోను నడిపి, ఎదుటి పక్షమువారి గోలులోనికి పంపుటయే పని. గోలు కాచువాడొక్కడే చేతితో పట్టవచ్చును. ఆట 90 నిమిషములు సాగును. ఇంగ్లండులో 1885వ సంవత్సరమున ఆటగాండ్రకు జీతమిచ్చుటకు అనుమతి కలిగెను. నాటినుండి ఈ యాట కొందఱికి జీవనోపాధియైనది. 1888లో లీగు అను పోటీ ఏర్పడెను. దీనిలో క్లబ్బులు ఏడాది పొడుగున ఒకదానితో నొకటి ఆడును. కడపట అందఱికంటె మిన్నగా నిలిచిన క్లబ్బునకు లీగు పట్టము దక్కును. ఇదిగాక ఎఫ్. ఏ. కప్పు అను మఱియొక పోటీ కలదు. అందులో ఓడినవారు తప్పుకొందురు. చివరకు మిగిలిన రెండు పక్షములు లండనులోని వెంబ్లీ మైదానమున తలపడును.

ఇక మేనేజరు అనగా జమాఖర్చులు వ్రాయు గుమాస్తా యని తలపరాదు. ఏ పిల్లవానిని చేర్చుకొనవలెను, ఎవనికి ఏ స్థానమియ్యవలెను, ఎవరిని ఎట్లు తరిఫీదు చేయవలెను, శనివారమునాటి యాటకు ఏ 11 మందిని దింపవలెను అను నిర్ణయములు ఆతనివి. గెలిచినపుడు ఊరంతయు ఆటగాండ్రను మెచ్చుకొనును. ఓడినపుడు మేనేజరును నిందించును. ఉమ్మడికుటుంబమును నడపు యజమాని స్థితియే ఆతనిది.

బస్బీ 1909 మే 26న స్కాట్లండు దేశమున, బెల్‌షిల్ పట్టణమునకు చేరువనున్న ఆర్బిస్టన్ అను బొగ్గుగనుల పల్లెలో పుట్టెను. రెండు గదుల యిల్లు వారి కాపురము. తండ్రి అలెగ్జాండరు గనిలో పనిచేయువాడు. మొదటి ప్రపంచయుద్ధము వచ్చి ఆతనిని సేనలోనికి లాగుకొనెను. 1917 ఏప్రిలులో, ఫ్రాన్సులోని ఆరాస్ రణరంగమున, చాటుననుండి శత్రువు కాల్చిన గుండు తగిలి ఆతడు మరణించెను. అప్పటికి కొడుకునకు ఎనిమిదేండ్లు నిండలేదు. తండ్రినెఱుగని యింట పెరిగినవాడు పిమ్మట ఎందఱికో తండ్రివంటివాడగుట గమనింపదగిన సంగతి.

ఆ పల్లెలో మగపిల్లవానికి రెండే దారులుండెను. గనిలోనికి దిగుట యొకటి, బంతితో బయటపడుట రెండవది. బస్బీ గనిలోనికి దిగెను. బొగ్గు త్రవ్వకముననే తన కొడుకు జీవితమును కూడ పోగొట్టుకొనుట తల్లికి ఇష్టములేక, అమెరికాకు వలసపోవుటకు దరఖాస్తు పెట్టెను. ఆ కాగితములు వచ్చుటకు నెలలు పట్టెను. ఈలోపల పిల్లవాడు సాయంకాలములయందును శనివారములయందును ఆడుచున్న ఆట ఇంగ్లండువారి కంటబడెను. 1928 ఫిబ్రవరిలో మాంచెస్టరు సిటీ అను క్లబ్బువారు ఆతనిని వారమునకు 5 పౌనుల జీతముమీద ఏడాది గడువుతో చేర్చుకొనిరి. గడువు తీఱిన తరువాత కావలసినచో అమెరికాకు పోవచ్చునని కూడ ఒప్పందములో చేర్చిరి. ఆతడు పోలేదు. అప్పటికి ఆతనికి 18 ఏండ్లు.

ఆరంభము శుభప్రదముగా లేదు. గోలులు వేయవలసిన ముందువరుసలో ఆతనిని నిలిపిరి. ఆ స్థానము ఆతనికి కుదురలేదు. ఊరిమీద బెంగ, ఆటలో వైఫల్యము రెండును కలిసి, ఇంటికి తిరిగి పోవుదునా యని పలుమాఱులు తలపోసెను. అపుడు క్లబ్బు మేనేజరు పీటరు హాడ్జి ఆతనిని వెనుకకు జరిపి, నడిమి వరుసలో కుడివైపున నిలిపెను. అచ్చట పరుగులో వేగముకంటె చూపులో వివేకము ముఖ్యము. తాను గోలు వేయుటకంటె తోడివానికి తగిన చోట బంతి నందించుట ముఖ్యము. నాటినుండి బస్బీ వేఱు మనుష్యుడయ్యెను. దుక్కిటెద్దును బండికి కట్టి, అది పరుగెత్తలేదని కొట్టినచో తప్పు ఎద్దుది కాదు గదా! మనుష్యులలో చేతగానివాడని మనము త్రోసిపుచ్చువారిలో కొందఱు నిజముగా చోటు తప్పినవారే. ఈ సంగతి తన బ్రతుకుననే తెలిసికొన్నవాడు గావున, తాను మేనేజరైన పిమ్మట బస్బీ దీనిని మఱువలేదు.

ఇచ్చట ఒక చిత్రము చెప్పవలెను. ఇంగ్లండులో ఒక క్లబ్బు తన యాటగానిని మఱియొక క్లబ్బునకు సొమ్ము పుచ్చుకొని ఇచ్చుట ఆచారము. 1930లో అదే నగరముననున్న పోటీక్లబ్బు మాంచెస్టరు యునైటెడువారు బస్బీని అడిగిరి. వెల 150 పౌనులు. ఆ సొమ్ము వారియొద్ద లేక ఊరకుండిరి. 15 ఏండ్లు గడచిన తరువాత ఆ క్లబ్బును నిలబెట్టినవాడు ఆతడే.

1933లో సిటీవారు ఎఫ్. ఏ. కప్పు చివరి యాటకు పోయి ఎవర్టన్ చేతిలో ఓడిరి. మఱుసటియేట మరల పోయి, పోర్ట్స్‌మత్ క్లబ్బును 2–1గా గెలిచిరి. 1936లో లివర్‌పూలు క్లబ్బువారు బస్బీని 8,000 పౌనులకు తీసికొనిరి. అచ్చట ఆతడు నాయకుడయ్యెను. క్రొత్తగా వచ్చిన కుఱ్ఱవాండ్రను దగ్గఱకు తీసి మెలకువలు చెప్పుట ఆతనికి అలవాటు. 1939లో వచ్చిన బాబ్ పేస్లీ అను కుఱ్ఱవాడు అట్టివారిలో నొకడు. ఆ పేస్లీయే తరువాత లివర్‌పూలు మేనేజరై, 1977, 1978, 1981 సంవత్సరములలో యూరపుకప్పును మూడుమాఱులు గెలిచెను.

1939లో రెండవ ప్రపంచయుద్ధము రాగా లీగు ఆగిపోయెను. బస్బీ సేనలో చేరి సైనికులకు వ్యాయామము నేర్పెను. ఆటగానిగా ఆతని మంచి వయస్సు ఆ యుద్ధములో కరగిపోయెను. 1945లో లివర్‌పూలువారు ఆతనిని సహాయ శిక్షకునిగా నుండుమనిరి. అదే సమయమున మాంచెస్టరు యునైటెడునుండి పిలుపు వచ్చెను.

ఆ క్లబ్బు స్థితి అపుడు ఎట్లుండెననగా, 1941 మార్చిలో జర్మనుల బాంబులు పడి దాని మైదానమగు ఓల్డ్ ట్రాఫర్డు శిథిలమైనది. తన చోటు లేక, 1949 వఱకు సిటీవారి మైదానమును అద్దెకు తీసికొని ఆడవలసివచ్చెను. క్లబ్బునకు అప్పులుండెను. లీగులో 1911 తరువాత గెలుపు లేదు. ఎఫ్. ఏ. కప్పును చివరిసారి గెలిచినది 1909లో, అనగా బస్బీ పుట్టిన యేట. ఇట్టి కూలిన యింటికి యజమానిగా రమ్మని పిలిచినపుడు ఎవడైనను జీతమునుగుఱించి మాటాడును. బస్బీ అధికారమునుగుఱించి మాటాడెను. ఆటగాండ్రను ఎన్నుకొనుట, చేర్చుకొనుట, పంపివేయుట, తరిఫీదు చేయుట, అన్నియు తన చేతిలో నుండవలెననియు, డైరెక్టరులు జోక్యము చేసికొనరాదనియు నియమము పెట్టెను. వారు మూడేండ్లు ఇత్తుమనగా అయిదేండ్లు కావలెననెను. తోట వేసినవానికి కాపు చూచునంత కాలమైన నుండవలెను గదా! వారు ఒప్పుకొనిరి. 1945 అక్టోబరులో ఆతడు పనిలో చేరెను.

చేరుటకు మునుపే సైనికుల యాటగాండ్ర జట్టుతో ఇటలీకి పోయి, బారి అను పట్టణమున జిమ్మీ మర్ఫీ యను వేల్సు దేశీయుడు సైనికులకు ఆట నేర్పుచుండగా చూచెను. ఆతని మాటలోని ఉత్సాహమును విని అప్పటికప్పుడే తనకు సహాయుడుగా రమ్మని పిలిచెను. బస్బీ నెమ్మదియైనవాడు, మర్ఫీ నిప్పువంటివాడు. ఈ యిద్దఱును జోడెడ్లవలె పాతికేండ్లు ఒకే కాడి మోసిరి.

బస్బీ పద్ధతి క్రొత్తది. నాటి మేనేజరులలో పెక్కురు కోటు తొడిగికొని కచ్చేరిగదిలో కూర్చుండువారు. ఈతడు ఆటగాండ్రతోపాటు మైదానములో దిగి పరుగెత్తెను. చోటు తప్పినవారికి చోటు చూపెను. ముందువరుసలో ఆడుచుండిన జానీ కేరీని, జాన్ ఆస్టనును వెనుకవరుసకు మార్చెను. కేరీ ఆ జట్టునకు నాయకుడై 1948లో బ్లాక్‌పూలును 4–2గా గెలిచి కప్పు తెచ్చెను. లీగులో నాలుగుమాఱులు రెండవస్థానమున నిలిచి, తుదకు 1952లో పట్టము గెలిచిరి. 41 ఏండ్ల వ్రతము ఫలించెను.

ఈ గెలుపుతో తృప్తిపడి కూర్చున్నచో బస్బీ చరిత్ర ఇంత చెప్పదగినది కాకపోవును. ఆ జట్టులోనివారికి వయస్సు మీఱుచున్నదని ఆతడు ముందే కనిపెట్టెను. పైరు కోతకు వచ్చినపుడే మఱుసటి కారునకు విత్తనము తీసి దాచువాడు రైతు. అదేవిధముగా బస్బీ పిల్లల నారుమడి పోసెను. ఊరూర మనుష్యులనుంచి, 14, 15 ఏండ్ల బాలురలో చురుకైనవారిని వెదకించెను. వారిని తెచ్చి, నమ్మకమైన గృహిణులు నడపు బసలలో ఉంచెను. తల్లిదండ్రులతో మాటాడి వారి మనస్సులకు ధైర్యము చెప్పెను. బాలురకు ఆట నేర్పు భారమును మర్ఫీ వహించెను. పిల్లల పేర్లే గాక వారి యింటివారి పేర్లును బస్బీకి జ్ఞాపకముండెడివి. మైదానమున గడ్డి కోయువానిని, బట్టలుతుకు స్త్రీలను సైతము పేరుపెట్టి పలుకరించుట ఆతని అలవాటు.

18 ఏండ్లలోపు బాలురకొఱకు 1953లో మొదటిసారి కప్పు పోటీ ముగిసినది. ఆ యేడును, తరువాతి నాలుగేండ్లును, వరుసగా అయిదుమాఱులు బస్బీ పిల్లలే గెలిచిరి. వార్తాపత్రికలవారు వారికి ‘బస్బీ పాపలు’ అని ముద్దుపేరు పెట్టిరి. వారిలో మేటి డంకన్ ఎడ్వర్డ్స్. 16 ఏండ్లకే పెద్దల జట్టులో ఆడెను. 18 ఏండ్లకే ఇంగ్లండు దేశపక్షమున ఆడెను. బాబీ చార్ల్‌టన్ అను బాలుడు 1956లో తన మొదటి యాటలోనే రెండు గోలులు వేసెను. ఈ పిల్లలతో బస్బీ 1956లోను 1957లోను లీగు పట్టము గెలిచెను. 1956లో గెలిచిన జట్టువారి సగటు వయస్సు 22 ఏండ్లు. నమ్మి పని అప్పగించినచో కుఱ్ఱవాండ్రు పెద్దలను మించి చేయుదురని దేశమంతయు చూచెను.

ఇంక కష్టకాలమునకు వచ్చుచున్నాను. 1955లో యూరపు దేశముల విజేతలందఱును ఆడుకొను యూరపుకప్పు పోటీ ఆరంభమైనది. ఆ యేట ఇంగ్లండు విజేతయగు చెల్సీని, పోవలదని లీగు పెద్దలు ఆపిరి. మఱుసటియేట బస్బీనిగూడ వలదనిరి. ఆతడు వినలేదు. ఆట ప్రపంచమంతటను పెరుగుచుండగా మనము గడపలోపల కూర్చుండరాదని ఆతని యభిప్రాయము. మొదటియేట సెమీఫైనలు వఱకు పోయి, స్పెయినుదేశపు రియల్ మాడ్రిడు చేతిలో ఓడిరి. రెండవయేట మరల పోయిరి. అయితే వారము నడుమ విదేశమున ఆడినను, శనివారమునకు తిరిగి వచ్చి లీగులో ఆడవలెను, తప్పరాదు. 1957 డిసెంబరులో ప్రాగునుండి వచ్చునపుడు ఇంగ్లండును మంచు కప్పగా విమానము సాగక, వేఱుత్రోవను ఓడలో రావలసివచ్చెను. ఆ చిక్కు మరల కలుగరాదని, తరువాతి ప్రయాణమునకు క్లబ్బువారు ఒక విమానమును ప్రత్యేకముగా మాట్లాడుకొనిరి.

1958 ఫిబ్రవరి 5న బెల్గ్రేడులో రెడ్ స్టార్ జట్టుతో 3–3గా ఆడి, రెండాటల మొత్తముమీద 5–4గా గెలిచి, మఱునాడు తిరుగుప్రయాణమైరి. విమానము నూనె పోసికొనుటకు జర్మనీలోని మ్యూనిక్ నగరమున దిగెను. అచ్చట మంచు పడుచుండెను. రెండుమాఱులు ఎగురబోయి, ఇంజను సరిగా పలుకక ఆగెను. ప్రయాణికులు దిగి మరల ఎక్కిరి. మూడవమాఱు పరుగుబాటపై కరగీకరగని మంచు బురదవలె పేరుకొనియుండుటచే విమానమునకు వేగము చాలక, కంచెను దాటి, ఒక యింటిని కొట్టుకొని బ్రద్దలయ్యెను. మధ్యాహ్నము 3 గంటల 4 నిమిషములు. విమానములో 44 మంది. మరణించినవారు మొత్తము 23 మంది. వారిలో ఆటగాండ్రు ఎనమండ్రు, క్లబ్బు ఉద్యోగులు మువ్వురు, పత్రికలవారు ఎనమండ్రు. 1934లో బస్బీతో కలిసి కప్పు గెలిచిన గోలుకాపరి ఫ్రాంక్ స్విఫ్ట్ పత్రికాలేఖకుడుగా వచ్చి వారిలో నొకడాయెను. ఎడ్వర్డ్స్ 15 దినములు మృత్యువుతో పోరాడి ఫిబ్రవరి 21న కన్ను మూసెను. ఆతనికి 21 ఏండ్లు. బ్రతికినవారిలో జాకీ బ్లాంచ్‌ఫ్లవరు, జానీ బెరీ అనువారు మరల ఆడలేకపోయిరి.

బస్బీ ఱొమ్ము నలిగి ఆసుపత్రిలో పడెను. మతాచార్యులు రెండుమాఱులు అంత్యకాల సంస్కారము చేసిరి. అయినను ప్రాణము నిలిచెను. పిల్లల సంగతి ఆతనికి చాలనాళ్లు తెలుపలేదు. తుదకు భార్య జీన్ ప్రక్కన కూర్చుండగా ఆతడు ఒక్కొక్క పేరే పలికెననియు, ఆమె నోట మాట రాక తలయూపుచు బ్రతికినవారెవరో పోయినవారెవరో తెలిపెననియు చెప్పుదురు. పుత్రశోకమెఱిగిన పెద్దలు మీలోను ఉందురు. అది ఎనిమిది రెట్లైనదనుకొనుడు. ఆపై, వలదన్న ప్రయాణమునకు తీసికొనిపోయినది నేనే గదా యన్న చింత. ఆ చింత ఆతనిని బ్రతికినంతకాలము విడువలేదు.

ఇచ్చట జిమ్మీ మర్ఫీని తలపక పోరాదు. ఆతడు వేల్సు దేశపు జట్టునకు కూడ మేనేజరగుటచే, ఆ వారము కార్డిఫ్ నగరమున ఇజ్రాయెలుతో ఆటనుండి బెల్గ్రేడుకు పోలేదు. నారు పోసినవాడాతడే, ఇపుడు శవపేటికలను అందుకొన్నవాడును ఆతడే. ప్రమాదము జరిగిన 13 దినములకే, ఫిబ్రవరి 19న, కప్పు పోటీలో షెఫీల్డు వెన్స్‌డేతో ఆడవలసియుండెను. ఆనాటి కార్యక్రమపత్రములో యునైటెడు ఆటగాండ్ర పేర్లుండవలసిన చోట్లు ఖాళీగా అచ్చువేసిరి; ఎవరు ఆడుదురో అప్పటికి నిశ్చయము కాలేదు. మర్ఫీ మిగిలినవారిని, పసివాండ్రను, అరువు వచ్చినవారిని కూర్చి 3–0గా గెలిపించెను. ఆ చిల్లరజట్టుతోనే ఆ యేటి కప్పు చివరి యాటవఱకు పోయెను. బోల్టన్ చేతిలో ఓడిరి. బస్బీ చేతికఱ్ఱ ఊతగా వచ్చి ఆ యాట చూచెను. పెద్దవాడు పడిపోయినపుడు కాడి వదలక నిలిచి, ఆతడు లేచిన పిమ్మట మాఱుమాటాడక ప్రక్కకు తొలగిన మర్ఫీవంటివాడు ఏ యూరికైనను పెన్నిధి.

ఆసుపత్రిలో నుండగా బస్బీ ఆటను విడిచిపెట్టుదునని నిశ్చయించుకొనెను. పోయిన పిల్లలు మీరు పని సాగించుటనే కోరుదురు గదా యని భార్య బోధించెను. ఆ మాట ఆతనిని లేపెను. 1958–59 సంవత్సరపు ఆటలకు తిరిగి వచ్చి, ఆ యేట రెండవస్థానమున క్లబ్బును నిలిపెను. కాని అది పైపై వెలుగు; నారుమడియే పోయెను గావున తిరిగి పెంచుటకు ఏండ్లు పట్టెను. 1963లో క్లబ్బు క్రింది తరగతికి జాఱుట కొంచెములో తప్పెను. అయినను ఆ యేటనే కప్పు గెలిచిరి. 1962లో 1,15,000 పౌనులిచ్చి ఇటలీనుండి తెచ్చిన డెనిస్ లా, మ్యూనిక్‌లో బ్రతికి బయటపడిన చార్ల్‌టన్, బెల్‌ఫాస్టునుండి వచ్చిన జార్జి బెస్ట్, ఈ మువ్వురును క్రొత్త జట్టునకు మూలస్తంభములు. బెస్ట్ 15 ఏండ్ల వాడై మాంచెస్టరు రాగానే బెంగపెట్టుకొని ఇంటికి పారిపోయెను. బస్బీ ఆతని తండ్రితో మాటాడి, పిల్లవానికి ఇష్టమైనపుడు తిరిగి రావచ్చునని తెలిపెను. పిల్లవాడు తిరిగి వచ్చెను. తానును ఒకనాడు అట్లే బెంగపెట్టుకొన్నవాడు గదా!

1965లోను 1967లోను లీగు పట్టము దక్కెను. మిగిలినది యూరపుకప్పు. 1968లో సెమీఫైనలునకు రియల్ మాడ్రిడు మరల ఎదురైనది. మాడ్రిడులో 3–1గా వెనుకబడి, తుదకు 3–3 చేసి, మొత్తముమీద 4–3గా గెలిచిరి. కడపటి గోలు వేసినవాడు బిల్ ఫోక్స్. ఆతడును మ్యూనిక్‌లో బ్రతికినవాడే. మే 29న వెంబ్లీలో పోర్చుగలు దేశపు బెన్ఫికాతో ఆట. 90 నిమిషములకు 1–1. అదనపు కాలములో మూడు గోలులు వేసి 4–1గా గెలిచిరి. ఆ నాలుగింటిలో రెండు చార్ల్‌టన్ వేసినవి. యూరపుకప్పు గెలిచిన మొదటి ఇంగ్లండు క్లబ్బు అదియే. ప్రమాదమునకు పదేండ్లు నిండి మూడు నెలలు దాటినవి. మైదానముననే బస్బీయు చార్ల్‌టనును ఒకరినొకరు కౌగిలించుకొనిరి. ఆ యేటనే రాజ్యమువారు ఆతనికి సర్ బిరుదమిచ్చిరి.

పెద్దలారా, కథ ఇచ్చట ఆగినచో అందముగా నుండును. అయితే నిజము చెప్పుటయే మేలు. 1969లో బస్బీ పని విరమించి, తన పిల్లలలో నొకడైన 31 ఏండ్ల విల్ఫ్ మెగిన్నిస్‌నకు జట్టును అప్పగించెను. కాని తాను క్లబ్బుననే యుండెను. ఆటగాండ్రు కష్టము వచ్చినపుడు క్రొత్తవానిని విడిచి పాతవాని తలుపు తట్టిరి. ఒక ఒఱలో రెండు కత్తులు ఇముడవు. 1970 డిసెంబరులో మెగిన్నిస్ తొలగింపబడగా బస్బీయే కొన్ని నెలలు మరల పని చూచెను. తరువాత వచ్చినవాడును నిలువలేదు. 1974లో క్లబ్బు రెండవ తరగతికి దిగిపోయెను. బెస్ట్ మద్యమునకు లోబడినపుడు బస్బీ కొడుకును మందలించునట్లు మెత్తగా మందలించెను, అది చాలలేదు. మ్యూనిక్‌లో పోయినవారి, గాయపడినవారి కుటుంబములలో కొందఱు, క్లబ్బు తమను తగినంత ఆదుకొనలేదని తరువాతి కాలమున బాధపడిరి. ఇంత పెద్దమనిషి యేలుబడిలోను ఇట్టి కొఱతలుండెను.

న్యాయము విషయమునను ఒక మాట. ఱెక్కలమీది మంచును తుడిపింపలేదని జర్మనులు విమానచోదకుడు జేమ్స్ థేన్‌ను దోషిగా చేసిరి. ఆతడు ఏండ్ల తరబడి పోరాడగా, 1969లో ఇంగ్లండు విచారణసంఘము, దోషము పరుగుబాటమీది మంచుబురదదే గాని ఆతనిది కాదని తేల్చెను. ఊరిలో కీడు కలిగినపుడు మొదట చేతికి దొరికినవానిని దోషిగా నిలుపుట సులభము. నిజము తేలుటకు పదకొండేండ్లు పట్టినది. అందులో ఒక మనుష్యుని ఉద్యోగము, పరువు రెండును పోయినవి. తీర్పు చెప్పు పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకొనదగును.

1986లో అలెక్స్ ఫెర్గూసన్ అను మఱియొక స్కాట్లండువాడు మేనేజరై, బస్బీవలెనే పిల్లలనుండి జట్టును పెంచెను. 26 ఏండ్ల తరువాత, 1993లో, లీగు పట్టము తిరిగి వచ్చుట బస్బీ కన్నులార చూచెను. 1994 జనవరి 20న 84 ఏండ్ల వయస్సున కాలధర్మము చెందెను. 1999లో ఫెర్గూసన్ యూరపుకప్పు గెలిచిన దినము మే 26. బస్బీ జీవించియున్నచో ఆనాటికి 90 ఏండ్లు నిండెడివి.

ఈ చరిత్రనుండి నాకు తోచినది చెప్పి ముగింతును. చోటు తప్పినవానికి చోటు చూపుట, పైరు పండియుండగానే నారు పోయుట, పరుల బిడ్డను తన బిడ్డగా చూచుట, ఇవి పెద్దఱికములో తేలిక భాగములు. తాను నడిపిన త్రోవలోనే పిల్లలు పోయినపుడు, ఆ బరువును మఱియొకరిమీదికి త్రోయక, తాను పాఱిపోక, మిగిలినవారికొఱకు తిరిగి లేచుట కష్టతరము. ఇది బస్బీ చేసెను. సమయము వచ్చినపుడు తలుపు దగ్గఱకు వేసికొని, పిన్నలను వారి తప్పులు వారిని చేయనిచ్చుట అన్నిటికంటె కష్టము. దీనిని బస్బీయంతవాడును పూర్తిగా చేయలేకపోయెను. మనము మన యిండ్లలో, పొలములలో, పంచాయతీలలో దీనిని ఏపాటి చేయుచున్నామో ఎవరికి వారు ఆలోచించుకొనదగును.